కాలేజీలో దొరికిన దబ్బకాయ

ఆ రోజుల్లో నా చేతులు చేపల వాసన కొడతాయని నాకు గట్టి నమ్మకం. దేవుడున్నాడా లేడా అన్న విషయంలో కూడా నాకంత నమ్మకం ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా. హాస్టల్లో నా గదిలో ఉండే పిల్లలకి సినిమా హీరోలూ, మొహం తెల్లబరిచే క్రీములూ ఉంటే, నాకు నా చేతులు ఉండేవి. ఎదుటివాళ్ళు ముక్కు గోక్కుంటే నా వల్లే అనుకునేదాన్ని. బస్సులో పక్కనావిడ కిటికీ తెరిస్తే అదీ నా వల్లే. ఈ నమ్మకం నాకు ఏడో తరగతిలో కుదిరింది. నా పక్కన కూర్చునే అమ్మాయి ఒకరోజు ఉన్నట్టుండి బెంచీ చివరికి జరిగి కూర్చుంది. (పాపం ఆ పిల్లకి ఆ రోజు కడుపునొప్పి అని రెండు రోజుల తర్వాత తెలిసింది. కానీ అప్పటికే నేను నిర్ణయానికి వచ్చేశాను. ఒకసారి నిర్ణయానికి వచ్చాక సాక్ష్యం మారిందని మనసు మార్చుకునే రకాన్ని కాదు నేను.)

మాది కొల్లేటి గట్టున ఒక చిన్న ఊరు. నాన్న సరస్సులో వల వేసేవాడు, అమ్మ ఆ చేపల్ని గంపకెత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్మేది. నేను ఇంటర్లో ఉండగా నాన్న పోయాడు. అమ్మ మాత్రం గంప దించలేదు. మా పెరట్లో ఒక దబ్బచెట్టు ఉండేది. అమ్మ కాపురానికి వచ్చిన ఏడు ఎవరో ఇచ్చిన కాయ పిండుకుని గింజలు విసిరేస్తే మొలిచిందట. దబ్బచెట్టుకి వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే బతకదు, కొల్లేరు పొంగితే మా పెరట్లో నీళ్ళు నిలవకుండా ఉండవు. అందుకని నాన్న దాని చుట్టూ మట్టి పోసి మోకాలెత్తు దిబ్బ కట్టాడు. మా ఇంటికి అరుగు లేదు గాని మా చెట్టుకి ఉండేది. ఆ చెట్టుకి కాలం అంటూ లేదు, ఏడాది పొడుగునా ఏదో ఒక కొమ్మకి నాలుగు కాయలు వేలాడుతూనే ఉండేవి. ఒక్కో కాయ నా రెండు అరచేతుల్లో పట్టేది కాదు. అన్నిటికీ అదే మాకు. పులిహోర కలపాలన్నా దబ్బకాయే, జాడీలో ఊరగాయ పెట్టాలన్నా దబ్బకాయే. ఎండాకాలం మజ్జిగలో దబ్బాకు తుంచి వేసేది అమ్మ. జ్వరం తగ్గి నోరు చేదుగా ఉంటే ఉప్పులో ఊరిన పాత దబ్బముక్క. బస్సెక్కితే కడుపులో తిప్పుతుందని కొంగున రెండు దబ్బాకులు. కాల్లో ముల్లు విరిగితే తీయడానికి దబ్బముల్లు. (ఆ కాల్లో విరిగింది కూడా సాధారణంగా దబ్బముల్లే.)

అన్నిటికన్నా ముఖ్యం చేతులు. పొద్దున్నే చేపలు వేరుచేసి గంపకెత్తాక, నాకు జడ వేసే ముందు అమ్మ ఒక దబ్బకాయని అడ్డంగా కోసి, ఉప్పూ పసుపూ అద్ది, ముందు తన చేతులూ తర్వాత నా చేతులూ మోచేతుల దాకా రుద్దేది. నిమ్మకాయ వాసన బడి గంట కొట్టేసరికి ఎగిరిపోతుంది, దబ్బతొక్క వాసన సాయంత్రం దాకా ఉంటుంది అనేది. రుద్దాక కాయ ఎండిపోకుండా రెండు చెక్కలూ మళ్ళీ కలిపి, చెట్టు ముల్లే ఒకటి గుచ్చి, వలదారంతో కట్టి గూట్లో పెట్టేది. అట్లా పెడితే ఒక కాయ మూడు రోజులు వచ్చేది.

డిగ్రీ అయ్యాక నాకు విజయవాడలో ఉద్యోగం వచ్చింది. బెంజి సర్కిల్ దాటాక ఒక ఇంటర్ కాలేజీ. ఎంట్రన్సు కోచింగు కూడా అక్కడే. నా పని ముందు గదిలో కూర్చుని, వచ్చిన తల్లిదండ్రులకి నవ్వుతూ అప్లికేషన్లు ఇవ్వడం. ఆదివారం ఆదివారం ఇంటికి వెళ్ళి అమ్మకి చేపల పనిలో సాయం చేసి, సోమవారం పొద్దున మొదటి బస్సుకి తిరిగి వచ్చేదాన్ని. సంచిలో రెండు దబ్బకాయలు ఉండేవి. వాటిలో ఒకటి హాస్టల్లో, రెండోది కాలేజీ లేడీస్ బాత్‌రూములో. అక్కడ వెంటిలేటర్ పక్కన ఒక గూడు ఉంది, కాలి మునివేళ్ళ మీద నిలబడితే అందేది. అమ్మ చేసినట్టే ఉప్పూ పసుపూ అద్ది, ముల్లు గుచ్చి, నీలం వలదారం చుట్టి, న్యూస్ పేపరు ముక్క మీద పెట్టేదాన్ని. భోజనం తర్వాత వెళ్ళి తలుపు గడియ వేసుకుని గోళ్ళ సందులు కూడా వదలకుండా రుద్దుకునేదాన్ని. కాలేజీలో నేను అమ్మ గురించి ఎవరికీ చెప్పలేదు. ఎవరన్నా అడిగితే "మాది అగ్రికల్చర్" అనేదాన్ని. (నీళ్ళల్లో చేసేది మాత్రం వ్యవసాయం కాదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.)

ఇంటర్ ఫలితాలకి వారం ముందు మా కాలేజీ అంతా బూజులు దులిపించారు. దులిపేది మా ఆయమ్మ. యాభై దాటిన మనిషి, బందరు కాలవ కట్టమీద ఇల్లు. నన్ను "పాపా" అని పిలిచి, నేను భోజనం చేయకపోతే తన క్యారేజీ మూతలో అన్నం పెట్టేది. ఆ గురువారం మధ్యాహ్నం ఆవిడ చేటలో నా దబ్బకాయని పేపరుతో సహా పెట్టుకుని, చేటని ఒంటికి దూరంగా పట్టుకుని, ముందు గదిలోకి వచ్చింది. "సార్, ఆడోళ్ళ బాత్‌రూములో ఇది దొరికిందండి" అంది మెల్లగా.

కాలేజీ వ్యవహారాలన్నీ చూసే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు, మా ఏఓ గారు, లేచి నిలబడ్డారు. పెద్ద కాయ. అడ్డంగా కోసి కలిపారు. ముల్లు గుచ్చారు. దారం చుట్టారు. లోపల పసుపు. సబ్బునీళ్ళు చింది కింద పేపరు మీద పసుపు ఎర్రగా మారి మరకలు కట్టింది. ఆయన మొహంలో రంగు పోవడం నేను ఎదురుగా కూర్చుని చూశాను. "మన మీద చేయించారు" అన్నారు. ఎవరు చేయించారో వేరే చెప్పనక్కర్లేదు. రోడ్డుకి అవతల ఇంకో కాలేజీ ఉంది. "మామూలుగా నిమ్మకాయతో చేస్తారు. దబ్బకాయ పెట్టారంటే స్టేట్ ర్యాంకులకే గురిపెట్టారన్నమాట."

కెమిస్ట్రీ చెప్పే మాస్టారు అప్పుడే క్లాసు నుంచి వచ్చారు. ఆయనకి పిల్లలు పెట్టిన పేరు లిట్మస్. నాకు ప్రాణం లేచొచ్చింది. పసుపుకి సబ్బునీళ్ళు తగిలితే ఎర్రబడుతుందని పదో తరగతిలోనే ఉంది, ఈయన ఒక్క మాట చెబితే గొడవ తీరిపోతుంది. లిట్మస్ మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టి, వంగి, ఆ ఎర్ర మరకల్ని చాలాసేపు పరిశీలించి, "రక్తం" అన్నారు.

అప్పుడే నేను నోరు తెరవాల్సింది. అది నాదే సార్, చేతులు రుద్దుకుంటాను అంటే సరిపోయేది. కానీ ఎందుకు రుద్దుకుంటావు అని అడుగుతారు. ఆ తర్వాత ఆ గదిలో ఎవరు ముక్కు గోక్కున్నా నేను చూడలేను. సరే, రేపు చెబుదాం అనుకుని అప్లికేషన్లు సర్దుకున్నాను.

శుక్రవారం రాహుకాలానికి ఒక స్వామిని పిలిపించారు. అంతకుముందు ఏఓ గారు కారిడార్లో సీసీ కెమెరా రికార్డు చూడటం మొదలుపెట్టారు గాని, అకౌంట్స్ మేడమ్ వెళ్ళి "మేము బాత్‌రూముకి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కపెడుతున్నారా సార్" అని అడిగేసరికి ఆపేశారు. స్వామి ఆ కాయని ముట్టుకోలేదు. ముక్కు దగ్గరగా వంగి కళ్ళు మూసుకున్నాడు. "ఇది నీళ్ళ దగ్గర్నుంచి వచ్చింది" అన్నాడు. "ఆడమనిషి చేతి మీదుగా వచ్చింది" అన్నాడు. అక్కడికి నాక్కూడా ఆయన మీద నమ్మకం కుదిరింది. ఇంకో నిమిషం ఉంటే మా ఊరి పేరు, బస్సు నంబరు కూడా చెప్పేస్తాడేమో అని గోడకి ఆనుకుని నిలబడ్డాను. కానీ ఆయన అక్కడితో ఆపి, కాయని కృష్ణలో కలపమన్నాడు. ఏఓ గారు దాన్ని మూడు కవర్లలో చుట్టి, స్కూటర్ మీద ఘాటుకి తీసుకెళ్ళి, బట్టలతోనే మూడు మునకలు వేసి వచ్చి, శనివారానికి జలుబు తెచ్చుకున్నారు.

ఇంతవరకూ చెబుతుంటే నాకు నవ్వే వస్తుంది. ఎన్నోసార్లు ఎందరికో చెప్పి నవ్వించాను కూడా. సాధారణంగా ఇక్కడే ఆపేస్తాను.

శనివారం ఏఓ గారు ముక్కు తుడుచుకుంటూ ఆలోచించారు. నీళ్ళ దగ్గరి ఆడమనిషి. కాలవ కట్టమీద ఇల్లున్నది ఎవరికి? ఆయమ్మకి. పైగా ఆవిడ రెండేళ్ళ కిందట అవతలి కాలేజీలో ఊడ్చేది. "తనే పెట్టి, తనే దొరికినట్టు తెచ్చి చూపించింది" అన్నారు. ఆయమ్మని పిలిచి సోమవారం నుంచి రావద్దన్నారు. ఆవిడ ముందు ఏం విన్నదో అర్థం కానట్టు నిలబడింది. తర్వాత, "నాకు మనవరాలుందండి, దాని మీద ఒట్టు" అంది. ఏఓ గారు తల తిప్పుకున్నారు. ఆవిడ నా వైపు చూసింది. నన్ను అనుమానించి కాదు, ముందు గదిలో తనకి కావలసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి. నేను స్టాప్లర్‌లో పిన్నులు వేస్తున్నాను. అందులో పిన్నులు నిండుగానే ఉన్నాయి. ఆవిడ వెళ్ళి బయట మెట్ల మీద క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చుంది. సోమవారం లోపు చెప్పేద్దాం అని నాకు నేను మాట ఇచ్చుకున్నాను. ఇప్పటికి రెండోసారి.

సరిగ్గా అప్పుడు అమ్మ వచ్చింది.

రెండు ఆదివారాలు నేను ఇంటికి వెళ్ళలేదు, ఫలితాల పని. కాయలు అయిపోయి ఉంటాయని, పనిలో పనిగా నేను చేసే చోటు చూసినట్టుంటుందని, చెప్పాపెట్టకుండా గుడివాడలో బస్సు మారి వచ్చేసింది. పెళ్ళిళ్ళకి కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టింది. వైరు బుట్ట నిండా దబ్బకాయలు, పైన ఆకులూ ముళ్ళూ ఉన్న రెమ్మలు. అమ్మ కంటే ముందు ఆ వాసన గదిలోకి వచ్చింది. ఏఓ గారు బుట్ట చూసి రెండడుగులు వెనక్కి వేశారు. లిట్మస్ మాస్టారు కుర్చీ చాటుకి వెళ్ళారు. "ఎవరండీ మీరు?" అన్నారు ఏఓ గారు.

అమ్మ నన్ను చూసి నవ్వింది. నోరు తెరవబోయింది. నేను ముందే అన్నాను. "మా ఊరావిడ సార్."

నేనన్నది అంతే. మూడు మాటలు. అమ్మ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు. బుట్ట కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుంది. "అవునండి," అంది. "ఆళ్ళ ఊరే. ఆళ్ళమ్మ ఇమ్మంటే తెచ్చానండి. ఊరగాయకి బాగుంటయ్యి." నా జీవితంలో అమ్మ నన్ను కొట్టిన దెబ్బలు చాలానే ఉన్నాయి. అన్నీ కలిపినా ఆ "అవునండి" అంత నొప్పి లేదు. ఇది నేను ఏళ్ళ తర్వాత తెలుసుకున్నది కాదు, అక్కడే, ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి కూడా ఊరుకున్నాను.

ఏఓ గారు దూరంగానే నిలబడి ఆ కాయలు ఎందుకు వాడతారని అడిగారు. అడుగుతూ అడుగుతూ గురువారం నుంచి జరిగిందంతా చెప్పేశారు, ముల్లు, దారం, రక్తం, మెట్ల మీద కూర్చున్న ఆయమ్మతో సహా. అమ్మ మధ్యలో ఒక్కసారి నా చేతుల వైపు చూసింది. అంతా విని బుట్ట కింద పెట్టింది.

"అది నేను పెట్టిందేనండి" అంది. "పదిహేను రోజుల నాడు ఈ పాపని చూడ్డానికొచ్చి, మీ బాత్‌రూములో చేతులు కడుక్కుని మర్చిపోయా. చేపలమ్ముకునేదాన్ని నేను. వాసనకి రుద్దుకుంటాం. ఆ మెట్ల మీద కూసున్నావిడికి ఏం తెలవదండి."

(అమ్మ అంతకుముందు ఆ కాలేజీ గడప తొక్కలేదు. ఆ బాత్‌రూము ఎటువైపుందో కూడా ఆవిడకి తెలియదు.)

కత్తి అడిగింది. ఉప్పూ పసుపూ పక్కన టీ కొట్టు నుంచి తెప్పించారు. అమ్మ ముందు గది మధ్యలో కూర్చుని కాయ కోసి, అద్ది, చేతులు రుద్దుకుని, ముల్లు గుచ్చి చూపించింది. తర్వాత రెండు చేతులూ ఏఓ గారి ముందు చాపింది. "పొద్దున పాతిక కేజీల చేపలు అమ్మి బస్సెక్కానండి. చూడండి, ఏవన్నా వత్తందా?" జలుబు ముక్కుతో ఆయన వంగి వాసన చూసి, "ఏమీ రావట్లేదమ్మా" అన్నారు నిజాయితీగా. లిట్మస్ మాస్టారు కుర్చీ వెనక నుంచి బయటికి వచ్చి, పసుపు సహజ సూచిక అనీ, సబ్బు క్షారం కనుక అది ఎరుపుగా మారుతుందనీ, తనకి మొదటి నుంచీ ఆ అనుమానం ఉందనీ మాకు ఐదు నిమిషాలు పాఠం చెప్పారు. ఏఓ గారు స్వయంగా మెట్ల దాకా వెళ్ళి ఆయమ్మని లోపలికి పిలిచారు. బుట్టలో కాయలు స్టాఫ్ అంతా తలా ఒకటి పంచుకున్నారు.

ఆయమ్మ అమ్మకి టీ తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. ఆవిడ గ్లాసు కడగడానికి వెళుతూ నా బల్ల దగ్గర ఆగి, ఎవరికీ వినపడకుండా అంది. "ఊరు ఒకటైతే మొహాలు కూడా ఒకటే ఉంటయ్యా పాపా?"

ఊరావిడని బస్టాండులో దింపి వస్తానని ఏఓ గారిని అరగంట పర్మిషన్ అడిగాను. ఆటోలో అమ్మ కాలేజీ బాగుందంది. ఏసీ కూడా ఉందంది. అంత నవ్వుతూ కూర్చోవాలంటే దవడలు నొప్పెట్టవా అని అడిగింది. బస్టాండులో గుడివాడ బస్సు దగ్గర నేను, "అమ్మా, అదీ..." అన్నాను. "సీటు పోద్దే" అని ఎక్కేసింది. కిటికీలోంచి కొంగున ఉన్న దబ్బాకు నలుపుకుని వాసన చూస్తూ కనిపించింది. బస్సు కదిలాక చెయ్యి ఊపింది. నేను కూడా ఊపాను. తిరిగి వచ్చి అప్లికేషన్లు ఇచ్చాను.

ఆ తర్వాత అమ్మ నా మీద కోపం చూపిస్తుందని ఎదురుచూశాను. చూపించలేదు. అంతకన్నా ఘోరం చేసింది, దాన్ని హాస్యంలోకి దించేసింది. ఫోన్ చేస్తే, "నేనమ్మా, మీ ఊరావిడ్ని" అనేది. "మీ ఊరావిడ చేపలు పంపించింది, తింటావా." నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా చెవిలో అదే మాట. నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. మా ఆయనకి, పిల్లలకి అదొక ముద్దుపేరులా అలవాటైపోయింది. ఏళ్ళు గడిచాయి. ఆ నవ్వు మధ్యలో ఎక్కడైనా ఆగి, తప్పయిపోయిందమ్మా అని నేను అనాల్సింది. నవ్వుతున్న మనిషికి క్షమాపణ ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఆవిడకి ఆ కాలేజీ పేరు మాత్రం జీవితాంతం గుర్తుంది. కానీ మళ్ళీ ఎప్పుడూ ఆ గుమ్మం తొక్కలేదు. కాయలు బస్సు కండక్టరు చేత పంపించేది.

కిందటి ఏడు అమ్మకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. విజయవాడ ఆస్పత్రికి తీసుకొచ్చాం. (ఆ తర్వాత తొమ్మిది రోజులే ఉంది.) మధ్యాహ్నం పూట వార్డులో చేరుస్తుంటే, నర్సు కాగితాల మీద పేరూ వయసూ రాసుకుని, తల ఎత్తకుండా నన్ను అడిగింది. "పేషెంటుకి మీరేమవుతారు?"

నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. మంచం మీద నుంచి అమ్మ, ముక్కుకి గొట్టం పెట్టుకుని, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ, నవ్వుతూ అంది. "మా ఊరమ్మాయండి."

నర్సు రాయబోయింది.

"కూతుర్ని" అన్నాను. పక్క మంచాలవాళ్ళు ఇటు తిరిగారు. నర్సు కలం ఆపి నా మొహం చూసింది. "రాశానండీ. ఒక్కసారి చెబితే చాలు" అంది.

నేను నాలుగుసార్లు అన్నానట. అమ్మ ఆ గొట్టంతోనే తల అటు తిప్పుకుంది. "అరవమాకే, నలుగురూ చూత్తన్నారు" అంది, నా చెయ్యి మాత్రం వదల్లేదు.